విండోస్ మీద పీహెచ్‌పీ: అమీర్‌పేట ల్యాప్‌టాప్ నుంచి లైనక్స్ సర్వర్ దాకా

అమీర్‌పేటలో, మైత్రీవనం పక్క సందుల్లో వెబ్ కోర్సు నేర్చుకునేవాళ్ల ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది విండోస్. వాళ్లు రాసిన సైటు చివరికి వెళ్లి కూర్చునేది మాత్రం లైనక్స్ సర్వర్ మీద. వెబ్‌సైట్లు రాసే భాష పీహెచ్‌పీ రెండుచోట్లా నడుస్తుంది కాబట్టి ఏళ్ల తరబడి ఈ ఏర్పాటు సాగిపోతోంది. 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ బయటపెట్టిన ఈ భాష ఇప్పుడు 8.5 దాకా వచ్చింది. విండోస్ డెస్క్‌టాప్ మీద దాని పనితనం ఎలా ఉంది, ఏ దారిలో ఎక్కించుకోవాలి, ఎక్కడ దెబ్బతింటాం అన్నదే ఈ సమీక్ష.

తీర్పు ముందే చెప్పేస్తాం. కోడ్ రాయడానికి, పరీక్షించడానికి విండోస్ పీహెచ్‌పీ గట్టి సరుకు. కానీ ఇక్కడ నడిచిన కోడ్ లైనక్స్‌లో ఉన్నదున్నట్టు నడుస్తుందన్న హామీ లేదు. ఆ తేడాలు భాషలో కంటే దాని కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఎక్కువ. విండోస్ వాటిని ఎర్రర్‌గా చూపించదు, చూసీ చూడనట్టు పని జరగనిస్తుంది. అవి బయటపడేది సైటు హోస్టింగ్‌కి ఎక్కించిన రోజున. అందుకే ఇన్‌స్టాల్ పద్ధతి కంటే ఆ తేడాల మీదే ఇక్కడ ఎక్కువ మాట్లాడాం.

మెషీన్ సంగతి రెండు మాటల్లో. పీహెచ్‌పీ తేలికైనది, ఎనిమిది జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే హాయిగా నడుస్తుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి పాత ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ప్రాసెసర్ తరం అడిగి తీసుకోండి. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచే విండోస్ 11కి అధికారికంగా అర్హత, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఆరో తరం, ఏడో తరం మెషీన్ తీసుకుంటే విండోస్ 10 మీద ఉండిపోతారు, దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. డబ్బు కొంచెం మిగిలితే ప్రాసెసర్ కంటే ముందు ఎస్‌ఎస్‌డీ మీద పెట్టండి. వేల చిన్న ఫైళ్లు చదివే పని ఇది.

జాంప్: సులువే, కానీ పాతబడింది

వెబ్ సర్వర్ అపాచీ, డేటాబేస్ మరియాడీబీ, భాషలు పీహెచ్‌పీ, పెర్ల్ నాలుగూ ఒకే మూటలో ఇచ్చేది జాంప్. కోచింగ్ సెంటర్లలో మొదటిరోజే ఎక్కించేదీ ఇదే. నెక్స్ట్, నెక్స్ట్ నొక్కితే పది నిమిషాల్లో పేజీ కనిపిస్తుంది. ఆ ఒక్క సుఖానికి మంచి మార్కులే వేయాలి.

లోపం వెర్షన్‌లో ఉంది. విండోస్ జాంప్ చాలామంది మెషీన్లలో 8.2.12 దగ్గర ఉంది, అది 2023 చివరి నాటి పీహెచ్‌పీ. 2024 జూన్‌లో విండోస్ పీహెచ్‌పీలో పెద్ద కన్నం ఒకటి బయటపడింది. దాని నంబర్ సీవీఈ-2024-4577. సీజీఐ పద్ధతిలో, అంటే వెబ్ సర్వర్ విడి ప్రోగ్రామ్‌గా పిలిస్తే నడిచే పీహెచ్‌పీకి వెబ్ అడ్రస్‌లో ఒక ప్రత్యేక అక్షరం పంపిస్తే, విండోస్ దాన్ని మామూలు హైఫన్‌గా మార్చేసేది. దాంతో బయటివాళ్లు మన మెషీన్ మీద కమాండ్లు నడిపే అవకాశం వచ్చింది. 8.1.29, 8.2.20, 8.3.8 వెర్షన్లలో దాన్ని సరిచేశారు. 8.2.12 వీటికంటే పాతదని లెక్క చూస్తేనే తెలుస్తుంది. జపనీస్, చైనీస్ భాషల విండోస్‌లో ఇది పనిచేస్తుందని రుజువైంది. మన దగ్గర ఆ భాష సెట్టింగ్ ఉండదు కదా అని వదిలేయకండి. జాంప్ ఫోల్డర్‌లో అపాచీ, కాన్ఫ్, ఎక్స్‌ట్రా లోపల హెచ్‌టీటీపీడీ-జాంప్.కాన్ఫ్ ఫైల్ తెరవండి. స్క్రిప్ట్‌అలియాస్‌తో మొదలై పీహెచ్‌పీ-సీజీఐ ఉన్న లైన్ ముందు హాష్ గుర్తు పెట్టి అపాచీని ఆపి మళ్లీ మొదలుపెట్టండి. అంతే పని.

అన్ని అధికారాలూ ఉండే డేటాబేస్ రూట్ యూజర్‌కి జాంప్‌లో పాస్‌వర్డ్ ఉండదు. ఇంటి రౌటర్ వెనక ఫర్వాలేదు. హాస్టల్ వైఫైలో, కో-వర్కింగ్ ఆఫీసులో మాత్రం విండోస్ ఫైర్‌వాల్ అపాచీ గురించి అడిగినప్పుడు పబ్లిక్ నెట్‌వర్క్‌కి అనుమతి ఇవ్వొద్దు. జాంప్‌ని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోనూ పెట్టొద్దు. అక్కడ ఫైళ్లు రాయడానికి అడ్మిన్ అనుమతి కావాలి, అప్‌లోడ్లు, లాగ్‌లు మొరాయిస్తాయి.

అపాచీ మొదలవకపోతే చాలాసార్లు కారణం పోర్ట్ 80, అంటే వెబ్ అభ్యర్థనలు వచ్చే ద్వారాన్ని ఇంకో ప్రోగ్రామ్ పట్టుకుని ఉండటం. కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌స్టాట్‌ని ఏఎన్ఓ ఆప్షన్‌తో నడిపితే చివరి నిలువు వరుసలో ప్రాసెస్ నంబర్ వస్తుంది. 80 పక్కన 4 కనిపిస్తే అది విండోస్ సొంత వెబ్ డ్రైవర్, దాని వెనక ఉండేది సాధారణంగా మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ ఐఐఎస్. సర్వీసెస్‌లో వరల్డ్ వైడ్ వెబ్ పబ్లిషింగ్ సర్వీస్‌ని ఆపండి. లేదా అపాచీ కాన్ఫిగ్‌లో లిజన్ 80ని 8080 చేసి, సర్వర్‌నేమ్ లైన్‌లోనూ అదే మార్చండి. హెచ్‌టీటీపీఎస్ పేజీల పోర్ట్ 443ని వీఎంవేర్ లాంటివి పట్టుకుంటాయి, వైద్యం అదే.

మైఎస్‌క్యూఎల్ (జాంప్ మరియాడీబీని ఈ పేరుతోనే చూపిస్తుంది) అనుకోకుండా ఆగిపోయిందని ఎర్ర అక్షరాల్లో వచ్చే సందేశం మన ఊళ్లో మరీ ఎక్కువ. వానాకాలం సాయంత్రం కరెంట్ పోయి, యూపీఎస్ లేని డెస్క్‌టాప్ దబ్బున ఆగిపోతే మరియాడీబీ ఫైళ్లు సగం రాసిన స్థితిలో ఉండిపోతాయి. కంట్రోల్ ప్యానెల్‌లో స్టాప్ నొక్కకుండా షట్‌డౌన్ చేసినా అదే ప్రమాదం. మొదట పోర్ట్ 3306ని ఇంకో మైఎస్‌క్యూఎల్ పట్టుకుందేమో చూడండి. అది కాకపోతే డేటా ఫోల్డర్‌లోని ఎర్రర్ లాగ్ చదవండి. ఫైళ్లు పాడయ్యాయని తేలితే ఈ వరుసలో వెళ్లండి. మైఎస్‌క్యూఎల్ ఫోల్డర్‌లోని డేటా పేరుని డేటా-పాత అని మార్చండి. పక్కనే ఉన్న బ్యాకప్ ఫోల్డర్‌ని కాపీ చేసి, ఆ కాపీకి డేటా అని పేరు పెట్టండి. పాత దాంట్లోంచి మీ సొంత డేటాబేస్ ఫోల్డర్లను మాత్రం కొత్తదాంట్లోకి తీసుకురండి. మైఎస్‌క్యూఎల్, పెర్ఫార్మెన్స్ స్కీమా, పీహెచ్‌పీమైఅడ్మిన్ అనే ఫోల్డర్లను ముట్టుకోవద్దు. ఆఖరున పాత ఐబీడేటా1 ఫైల్‌ని కొత్తదాని మీద కాపీ చేసి స్టార్ట్ నొక్కండి. ఆ ఐబీడేటా1ని డిలీట్ చేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినొద్దు. ఇన్నోడీబీ (టేబుళ్లను దాచే ఇంజిన్) టేబుళ్ల వివరాల పట్టిక అందులోనే ఉంది. అది పోతే ఫోల్డర్లు కళ్లముందు ఉన్నా టేబుళ్లు తెరుచుకోవు.

జిప్ దారి: మేం సిఫారసు చేసేది ఇదే

పీహెచ్‌పీ అధికారిక విండోస్ డౌన్‌లోడ్ పేజీలో జిప్ ఫైళ్లు దొరుకుతాయి. 8.0 నుంచి విండోస్ పీహెచ్‌పీకి తమ సపోర్ట్ ఉండదని మైక్రోసాఫ్ట్ 2020లో ప్రకటించినప్పుడు చాలామంది కంగారుపడ్డారు. ఆ పని పీహెచ్‌పీ సమాజమే భుజాన వేసుకుంది, ప్రతి విడుదలకీ విండోస్ జిప్ వస్తూనే ఉంది. ఇది గొప్ప సేవ, గుర్తుపెట్టుకోవాలి.

ఆ పేజీలో మొదటి తికమక థ్రెడ్ సేఫ్, నాన్ థ్రెడ్ సేఫ్. అపాచీలో మాడ్యూల్‌గా కలపాలంటే థ్రెడ్ సేఫ్ తప్పనిసరి, ఎందుకంటే విండోస్ అపాచీ ఒకే ప్రాసెస్‌లో అనేక థ్రెడ్లతో పనిచేస్తుంది. ఐఐఎస్‌కి, కమాండ్ లైన్‌కి నాన్ థ్రెడ్ సేఫ్. రెండోది ఏ విజువల్ స్టూడియోతో తయారైందో చెప్పే వీఎస్16, వీఎస్17 అన్న గుర్తు. 8.0 నుంచి 8.3 వరకు 16, 8.4 నుంచి 17. రెండింటికీ విజువల్ సీ ప్లస్ ప్లస్ 2015-2022 రీడిస్ట్రిబ్యూటబుల్ 64 బిట్ ఒకటే చాలు. వీసీరన్‌టైమ్140 దొరకలేదనో, ఈ బిల్డ్‌కి సరిపోదనో సందేశం వస్తే అది లేదనీ, లేదా పాతదనీ అర్థం.

జిప్‌ని సి డ్రైవ్‌లో పీహెచ్‌పీ84 లాంటి ఫోల్డర్‌లోకి విప్పండి. వెర్షన్ నంబర్ ఫోల్డర్ పేరులోనే పెడితే, రేపు ఇంకో వెర్షన్ పక్కనే పెట్టుకుని పాత్ వేరియబుల్‌లో (విండోస్ ప్రోగ్రామ్‌లను వెతికే ఫోల్డర్ల జాబితాలో) ఒక్క అంకె మార్చి అటూ ఇటూ తిరగొచ్చు. పాత్ మార్చాక ముందే తెరిచి ఉన్న టెర్మినల్‌కి ఆ సంగతి తెలియదు, కొత్తది తెరవండి. అపాచీని సర్వీస్‌గా నడుపుతుంటే మెషీన్‌నే రీస్టార్ట్ చేయాలి.

ఫోల్డర్‌లో సెట్టింగుల ఫైల్ పీహెచ్‌పీ.ఐఎన్‌ఐ ఉండదు. డెవలప్‌మెంట్ అని చివర ఉన్న నమూనా ఫైల్‌ని కాపీ చేసి ఆ పేరు పెట్టాలి. విండోస్ ఫైల్ ఎక్స్‌టెన్షన్లను దాచే సెట్టింగ్ తీసేయకపోతే పీహెచ్‌పీ.ఐఎన్‌ఐ.టీఎక్స్‌టీ తయారై, ఎన్ని మార్పులు చేసినా పనిచేయక గంటలు వృథా అవుతాయి. ఏ ఫైల్ చదువుతోందో తేల్చుకోవడానికి టెర్మినల్‌లో పీహెచ్‌పీ అని కొట్టి, రెండు హైఫన్లు, ఐఎన్‌ఐ ఇవ్వండి. లోడెడ్ కాన్ఫిగరేషన్ ఫైల్ పక్కన దారి కనిపించాలి, నన్ అని ఉండకూడదు.

ఐఎన్‌ఐలో మార్చాల్సినవి కొన్నే. ఎక్స్‌టెన్షన్ (అదనపు సౌకర్యాల) డైరెక్టరీ లైన్ ముందు సెమికోలన్ తీసి పూర్తి దారి ఇవ్వండి. వెనక్కి వాలిన గీత బదులు ముందుకి వాలిన గీతే వాడండి, విండోస్‌లో పీహెచ్‌పీ దాన్ని మారుమాట లేకుండా ఒప్పుకుంటుంది. కర్ల్, ఎంబీస్ట్రింగ్, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, పీడీఓ మైఎస్‌క్యూఎల్, మైఎస్‌క్యూఎల్ఐ, ఫైల్ఇన్ఫో, ఇంటిల్, జీడీ, జిప్ లైన్ల ముందు సెమికోలన్లు తీసేయండి. పాత నోట్సు చూసి జీడీ2 అని రాస్తే 8లో దొరకదు, పేరు జీడీగా మారింది. జిప్ 8.2 నుంచి విండోస్‌లో విడి ఫైల్ అయింది, కాబట్టి అది కూడా మనమే తెరవాలి. అది మరిచిపోతే లైబ్రరీలు తెచ్చిపెట్టే కంపోజర్ జిప్‌లు విప్పలేక ఒక్కో ప్యాకేజీనీ కోడ్ చరిత్ర దాచే గిట్ నుంచి మొత్తంగా లాగుతుంది. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారావెల్ ప్రాజెక్ట్ ఇన్‌స్టాల్ కాఫీ తాగి వచ్చినా అయిపోదు.

భాషల పని చూసే ఇంటిల్ దగ్గర ఒక తిరకాసు ఉంది. కమాండ్ లైన్‌లో పనిచేస్తుంది, అపాచీలో మాత్రం ఫైల్ దొరకలేదంటుంది. ఫైల్ అక్కడే ఉంటుంది. దొరకనిది ఆ ఫైల్ ఆధారపడే ఐసీయూ అనే భాషల లైబ్రరీ ఫైళ్లు (డీఎల్ఎల్‌లు). అవి పీహెచ్‌పీ ఫోల్డర్‌లో ఉంటే అపాచీ తన ఫోల్డర్‌లో వెతుకుతుంది. పీహెచ్‌పీ ఫోల్డర్‌ని సిస్టమ్ పాత్‌లో చేర్చి రీస్టార్ట్ చేస్తే తీరిపోతుంది. బయటి సర్వర్లతో మాట్లాడే కర్ల్ మొండికేసినా వైద్యం ఇదే.

టైమ్‌జోన్ లైన్‌లో ఏషియా/కోల్‌కతా పెట్టండి. పెట్టకపోతే ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీ పడుతుంది. అర్ధరాత్రి దాటి రెండింటికి వచ్చిన బిర్యానీ ఆర్డర్ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర లెక్కలోకి పోతుంది, రోజువారీ అమ్మకాల పట్టిక మొత్తం తారుమారవుతుంది. అప్‌లోడ్ పరిమితి మొదట రెండు ఎంబీనే, ఫోన్ కెమెరా ఫొటోకి చాలదు. దాన్ని పెంచేటప్పుడు పోస్ట్ పరిమితిని అంతకంటే ఎక్కువగా ఉంచాలి. పోస్ట్ పరిమితి దాటితే ఫారమ్‌లో నింపినవన్నీ ఖాళీగా వస్తాయి, కోడ్‌లో తప్పుందేమోనని వెతుకుతూ కూర్చుంటారు.

పేమెంట్ గేట్‌వే పరీక్షిస్తుంటే కర్ల్ ఎర్రర్ 60 రావచ్చు. అవతలి సర్టిఫికెట్‌ని నమ్మడానికి కావాల్సిన జాబితా పీహెచ్‌పీకి దొరకలేదని దాని భావం. కర్ల్ సైట్ నుంచి సీఏసర్ట్.పెమ్ తెచ్చుకుని, ఐఎన్‌ఐలో కర్ల్.సీఏఇన్ఫో, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్.సీఏఫైల్ రెండు లైన్లకీ దాని పూర్తి దారి ఇవ్వండి. సర్టిఫికెట్ తనిఖీని కోడ్‌లో ఆపేయమని చెప్పే చిట్కా అన్నిచోట్లా కనిపిస్తుంది. ఆ లైన్ అలాగే సర్వర్‌కి వెళ్లిపోతుంది, డబ్బు లావాదేవీకి మధ్యలో ఎవరు దూరినా తెలియదు. ఆ చిట్కాని గట్టిగా వ్యతిరేకిస్తున్నాం.

అపాచీ లేకుండానూ పని జరుగుతుంది. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ, హైఫన్, పెద్ద ఎస్, ఆపైన లోకల్‌హోస్ట్:8000 కొడితే 5.4 నుంచి ఉన్న సొంత సర్వర్ మొదలవుతుంది. నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే శుభ్రమైనది లేదు. ఒక్క పరిమితి గుర్తుంచుకోవాలి, ఇది ఒకసారికి ఒకే అభ్యర్థనకి జవాబిస్తుంది. మీ పేజీ అదే సర్వర్‌లోని మీ ఏపీఐని (వేరే ప్రోగ్రామ్‌లకి డేటా ఇచ్చే భాగాన్ని) కర్ల్‌తో పిలిస్తే, రెండూ ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ టైమ్ అవుట్ దాకా బిగుసుకుపోతాయి. లైనక్స్‌లో 7.4 నుంచి ఒక వేరియబుల్‌తో వర్కర్లను పెంచుకోవచ్చు, విండోస్‌లో ఆ సౌకర్యం లేదు. ఏపీఐని 8001 మీద ఇంకో టెర్మినల్‌లో నడపడమే దారి.

విండోస్ దాచిపెట్టే తేడాలు

మొదటిది పెద్ద అక్షరం, చిన్న అక్షరం. హెడర్.పీహెచ్‌పీ ఫైల్ పేరులో మొదటి అక్షరం పెద్దదై, కోడ్‌లో చిన్నదిగా రాసినా విండోస్ తెరుస్తుంది. లైనక్స్‌కి అవి రెండు వేర్వేరు పేర్లు. క్లాస్ ఫైళ్లను పేరుతో వెతికే కంపోజర్ ఆటోలోడ్‌లో ఇది మరీ ముంచుతుంది. ఇక్కడ అంతా సాఫీగా ఉండి, అక్కడ క్లాస్ నాట్ ఫౌండ్. పేరు సరిచేసి గిట్‌లో పెడదామంటే విండోస్‌లో గిట్ ఆ మార్పునే గమనించదు. గిట్ ఎంవీ కమాండ్‌తో ముందు వేరే పేరుకి, ఆ తర్వాత సరైన పేరుకి మార్చాలి.

డేటాబేస్‌లోనూ ఇదే కథ. విండోస్ మైఎస్‌క్యూఎల్ టేబుల్ పేర్లను చిన్న అక్షరాల్లోకి మార్చి దాచుకుంటుంది, లైనక్స్ ఎలా ఇస్తే అలా ఉంచి, అలాగే అడుగుతుంది. క్వెరీలో పెద్ద అక్షరంతో ఆర్డర్స్ అని రాసి ఉంటే ఇక్కడి నుంచి ఎక్స్‌పోర్ట్ చేసిన టేబుల్ అక్కడ దొరకదు. మొదటి రోజు నుంచీ టేబుళ్లకీ ఫైళ్లకీ చిన్న అక్షరాలు, అండర్‌స్కోర్ తప్ప ఇంకేమీ వాడకండి. క్లాసులకి మాత్రం ఫైల్ పేరూ క్లాస్ పేరూ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి.

రెండోది టైమ్ లెక్క. స్క్రిప్ట్‌కి మామూలుగా 30 సెకన్ల గడువు. విండోస్‌లో అది గోడ గడియారం లెక్క. డేటాబేస్ జవాబు కోసం, బయటి ఏపీఐ కోసం ఎదురుచూసిన సమయం కూడా అందులో పడుతుంది. లైనక్స్‌లో ఆ ఎదురుచూపు లెక్కలోకి రాదు. కాబట్టి ఇక్కడ గడువు దాటి ఆగిన రిపోర్ట్ అక్కడ సజావుగా రావచ్చు. అంతకంటే చెడ్డది, అక్కడ ఒక స్క్రిప్ట్ ఏపీఐ కోసం నిమిషాల తరబడి కూర్చున్నా గడువు దాన్ని లేపదు. కర్ల్‌కి సొంత టైమ్ అవుట్ ఇవ్వడం అలవాటు చేసుకోండి, రెండుచోట్లా ఒకేలా ప్రవర్తిస్తుంది.

మూడోది, లేనివి. ప్రాసెస్‌లను నడిపించే పీసీఎన్‌టీఎల్, పోసిక్స్ ఎక్స్‌టెన్షన్లు విండోస్‌కి రావు, వాటి మీద నిలబడి వెనక జరిగే పనుల వరసను చూసే లారావెల్ హొరైజన్ కూడా రాదు. పీహెచ్‌పీ ప్రాసెస్‌లను నిర్వహించే ఎఫ్‌పీఎం లేదు. అపాచీలాంటి ఇంకో వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్‌తో కలపాలంటే పీహెచ్‌పీ-సీజీఐని పోర్ట్ 9000 మీద నడపాలి. అది ముందుగా పెట్టిన లెక్క ప్రకారం 500 అభ్యర్థనలు తీర్చి ఆగిపోతుంది, మీకు 502 ఎర్రర్ కనిపిస్తుంది. వేళ ప్రకారం పనులు నడిపే లైనక్స్ క్రాన్ బదులు టాస్క్ షెడ్యూలర్ వాడుకోవాలి. ప్రోగ్రామ్‌గా పీహెచ్‌పీ-విన్ ఇస్తే ప్రతిసారీ నల్ల కిటికీ మెరవదు. స్టార్ట్ ఇన్ గడిలో ప్రాజెక్ట్ ఫోల్డర్ ఇవ్వడం మరిచిపోతే ఇన్‌క్లూడ్ ఫైళ్లు దొరకవు. మెయిల్ ఫంక్షన్ కూడా ఇక్కడ పాస్‌వర్డ్ అడిగే ఎస్‌ఎంటీపీ (మెయిల్ పంపే) సర్వర్‌తో మాట్లాడలేదు, పీహెచ్‌పీమెయిలర్ లాంటిది పెట్టుకోండి.

దారులు రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త. డబుల్ కోట్స్‌లో వెనక్కి వాలిన గీత తర్వాత ఎన్ వస్తే కొత్త లైన్, టీ వస్తే ట్యాబ్. న్యూ, టెస్ట్ అనే ఫోల్డర్ పేర్లు ఉన్న దారి అలా ముక్కలైపోతుంది.

తెలుగుతో ఎలా ఉంది

హైదరాబాద్‌లో కట్టే సైట్లలో తెలుగు పేర్లు, చిరునామాలు తప్పవు కాబట్టి దీన్ని విడిగా పరీక్షించడం అవసరం. తెలుగు అన్న మాట మన కంటికి మూడక్షరాలు. స్ట్రింగ్ పొడవు చెప్పే మామూలు ఫంక్షన్ స్ట్ర్‌లెన్ 18 అంటుంది, అది బైట్లు లెక్కిస్తుంది. ఎంబీస్ట్రింగ్ 6 అంటుంది, హల్లులూ ఎత్వాలూ కొమ్ములూ విడివిడిగా లెక్కపెడుతుంది. ఇంటిల్‌లోని గ్రాఫీమ్ ఫంక్షన్ ఒక్కటే 3 అని చెబుతుంది. హైదరాబాద్ అన్న మాటకి ఈ మూడు జవాబులూ వరుసగా 27, 9, 5.

ఇది పండితుల లెక్క కాదు, రోజువారీ ఇబ్బంది. వార్త మొదటి పది అక్షరాలు చూపిద్దామని సబ్‌స్ట్ర్‌తో కోస్తే పది బైట్లు వస్తాయి. అంటే మూడు గుర్తులు, నాలుగోదానిలో మూడోవంతు. ఆ తెగిన ముక్కని, డేటాని యాప్‌లకి పంపే జేసన్ రూపంలోకి మార్చే జేసన్ ఎన్‌కోడ్‌కి ఇస్తే ఫాల్స్ వస్తుంది, మొబైల్ యాప్‌లో తెల్ల తెర. ఎంబీ ఫంక్షన్‌తో కోసినా గుణింతం విడిపోయి తె కాస్తా త అయ్యే ప్రమాదం ఉంది. చూపించే మాట కోసేచోట గ్రాఫీమ్ సబ్‌స్ట్ర్ వాడండి. జేసన్‌లో తెలుగు బ్యాక్‌స్లాష్ యూ 0సీ24 లాంటి కోడ్‌లుగా కనిపిస్తే తప్పేమీ లేదు, అన్‌ఎస్కేప్డ్ యూనికోడ్ ఫ్లాగ్ ఇస్తే అక్షరాలే వస్తాయి.

డేటాబేస్‌కి అన్ని భాషల అక్షరాలూ దాచగల యూటీఎఫ్8ఎంబీ4 పెట్టండి, కనెక్షన్‌లోనూ అదే చెప్పండి. టేబుల్ సరిగా ఉండి కనెక్షన్‌లో చెప్పకపోతే ప్రశ్నార్థకాల వరస పడుతుంది. డేటాబేస్‌లో మాటలు దాచే వార్‌క్యార్ గడి పొడవు గుర్తుల లెక్కలో ఉంటుంది. వెంకటేశ్వరరావు అన్న పేరు ఒక్కటే 14 గుర్తులు మింగుతుంది, కాబట్టి పేరు గడికి 30 పెట్టి సరిపోయిందనుకోవద్దు.

నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8 విత్ బీఓఎం అని భద్రం చేసిన పీహెచ్‌పీ ఫైల్ మొదట్లో కనిపించని మూడు బైట్లు ఉంటాయి. వాటివల్లే హెడర్స్ ఆల్రెడీ సెంట్ అన్న ఎర్రర్ మొదటి లైన్‌ని చూపిస్తూ వస్తుంది, ఆ లైన్‌లో మీకేమీ కనిపించదు. బీఓఎం లేకుండా భద్రం చేస్తే పోతుంది. విచిత్రమేమిటంటే ఎక్సెల్ కోసం తయారుచేసే సీఎస్‌వీకి ఆ మూడు బైట్లే కావాలి. అవి లేకపోతే ఎక్సెల్ తెలుగుని పిచ్చి గీతలుగా తెరుస్తుంది. కోఠీలో దుకాణం లెక్కల రిపోర్ట్ ఇచ్చేవాళ్లు ఫైల్ మొదట్లో వాటిని రాయండి. ఇంకో మంచి విషయం ఉంది. నంబర్ ఫార్మాట్ ఫంక్షన్ 1,234,567 అని పాశ్చాత్య పద్ధతిలో కామాలు పెడితే, ఇంటిల్‌లోని నంబర్ ఫార్మాటర్ తెలుగు లొకేల్‌తో 12,34,567 అని మన లక్షల లెక్కలోనే ఇస్తుంది. బిల్లు మీద ఇది ఎంతో హాయిగా కనిపిస్తుంది.

వేగం, డబ్ల్యూఎస్ఎల్

విండోస్‌లో పీహెచ్‌పీ నెమ్మది అనే ఫిర్యాదులో చాలా భాగం పీహెచ్‌పీది కాదు. కంపోజర్ లైబ్రరీలు పెట్టే వెండర్ ఫోల్డర్‌లోని వేల ఫైళ్లను, అవి తెరిచిన ప్రతిసారీ విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ తనిఖీ చేస్తుంది. విండోస్ 11లో డెవ్ డ్రైవ్ (కోడ్ కోసం విడిగా పెట్టే డ్రైవ్) చేసుకుంటే ఆ తనిఖీ తేలికవుతుంది, దానికి కనీసం 50 జీబీ ఇవ్వాలి. ఐఎన్‌ఐలో, ఒకసారి చదివిన కోడ్‌ని మెమరీలో ఉంచే ఓపీక్యాష్ తెరవడం ఇంకో అడుగు. కొన్ని మెషీన్లలో ప్రతి పేజీ ఒక సెకను ఆలస్యమైతే డేటాబేస్ హోస్ట్‌ని లోకల్‌హోస్ట్ నుంచి 127.0.0.1కి మార్చి చూడండి. ముందు కొత్త తరహా నెట్ అడ్రస్ ఐపీవీ6లో ప్రయత్నించి విఫలమై వెనక్కి రావడం వల్ల ఆ సెకను పోతుంది. డీబగ్ చేయనప్పుడు ఎక్స్‌డీబగ్‌ని ఆపి ఉంచండి. అది మూడో వెర్షన్ నుంచి పోర్ట్ 9003 వాడుతుంది, పాత పాఠాల్లోని 9000 పెడితే ఎడిటర్‌కి అందదు.

పైన చెప్పిన తేడాలన్నీ ఒక్క దెబ్బకి తీసేసేది విండోస్ లోపలే లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్. బయోస్‌లో వర్చువలైజేషన్ తెరిచి ఉందో లేదో టాస్క్ మేనేజర్‌లో సీపీయూ పేజీలో చూసుకుని, టెర్మినల్‌లో డబ్ల్యూఎస్ఎల్, రెండు హైఫన్లు, ఇన్‌స్టాల్ ఇస్తే ఉబుంటు లైనక్స్ వస్తుంది. ఉబుంటు 24.04 ప్యాకేజీలలో పీహెచ్‌పీ 8.3 దొరుకుతుంది. ప్రాజెక్ట్‌ని లైనక్స్ హోమ్ ఫోల్డర్‌లోనే పెట్టాలి. సి డ్రైవ్‌లో ఉంచి లైనక్స్ వైపు నుంచి తెరిస్తే ఫైల్ పని బాగా నెమ్మదిస్తుంది, చాలామంది డబ్ల్యూఎస్ఎల్‌ని తిట్టుకునేది ఈ ఒక్క పొరపాటు వల్లే. ఎనిమిది జీబీ మెషీన్‌లో అది సగం ర్యామ్ దాకా తీసుకోగలదు. యూజర్ ఫోల్డర్‌లో డాట్ డబ్ల్యూఎస్ఎల్‌కాన్ఫిగ్ ఫైల్‌లో మెమరీ హద్దు పెట్టుకోవచ్చు. నాలుగు జీబీ మెషీన్‌కి దీన్ని సిఫారసు చేయం, అక్కడ జిప్ దారే నయం. ఉద్యోగంలో చేరి మాదాపూర్‌లో లారావెల్ రాయబోయేవాళ్లకి మాత్రం నెల తిరిగేలోపు డబ్ల్యూఎస్ఎల్‌కి మారమనే చెబుతాం.

రోజూ సాయంత్రం డేటాబేస్ నకలు తీసుకోండి, కరెంట్ మీద మనకి అధికారం లేదు. నకలు తీసే కమాండ్ మైఎస్‌క్యూఎల్‌డంప్‌ని నడిపేటప్పుడు డీఫాల్ట్ క్యారెక్టర్ సెట్‌గా యూటీఎఫ్8ఎంబీ4 ఇవ్వండి. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1లో బాణం గుర్తుతో ఫైల్‌లోకి మళ్లించొద్దు. అది ఫైల్‌ని యూటీఎఫ్-16లోకి మార్చి రాస్తుంది, తిరిగి ఎక్కించేటప్పుడు మొదటి లైన్‌లోనే ఎర్రర్, తెలుగు అక్షరాలూ చెడిపోతాయి. డంప్ కమాండ్‌కే ఉన్న రిజల్ట్ ఫైల్ ఆప్షన్, అంటే హైఫన్ చిన్న ఆర్, దాని పక్కన ఫైల్ పేరు ఇస్తే అక్షరం చెదరకుండా వస్తుంది.